గోడ మీద బొట్టుబిళ్ళలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు బొమ్మలూ శిల్పాలూ అర్థం కావు. ఎగ్జిబిషన్‌కి తీసుకెళితే బొమ్మ కంటే ముందు దాని కింద అంటించిన చీటీ చదివే రకం నేను. అలాంటివాణ్ణి ఉద్యోగం చివరి ఏడాదిలో ఒక కళాఖండం వల్ల నా పరువు నేనే తీసుకున్నాను. ఆ సంగతి రాస్తున్నాను. మీలో చాలామంది ఈపాటికి హైటెక్ సిటీలో నేను కూర్చున్నలాంటి కుర్చీల్లోనే కూర్చుని ఉంటారు. మీకు పనికొస్తుందో లేదో తెలీదు గానీ, చదవండి.

నా ఉద్యోగం పేరు పెద్దదే. మా కంపెనీ చేసే సాఫ్ట్‌వేర్ పనులు ఎక్కడెక్కడ ఎలా నడుస్తున్నాయో వారం వారం పైవాళ్ళకి రిపోర్టు పంపడం. తయారైన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ డిపార్ట్‌మెంటు కూడా నా కిందే ఉండేది. మా ఆవిడకి ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా చివరికి, "అంటే మీరు చేసేదేం లేదు, చేసేవాళ్ళని ఎంతవరకొచ్చిందని అడుగుతారు, అంతేగా" అనేది. అంతే మరి. కాదని ఎలా అంటాను?

ఆ రిపోర్టు మాటల్లో కాదు, రంగుల్లో ఉండేది. పని సవ్యంగా ఉంటే పక్క గడిలో గ్రీన్, కాస్త అనుమానంగా ఉంటే యెల్లో, చెయ్యి దాటిపోతుంటే రెడ్. వినడానికి సులువే. కానీ రెడ్ పెడితే ఏమవుతుందో ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి కూడా వారంలో తెలిసిపోయేది. క్లయింటు నుంచి ఫోన్లు, రోజుకి మూడు మీటింగులు, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగేవాళ్ళు ఆరుగురు. రెడ్ పెట్టి బాగుపడ్డ మనిషిని నా సర్వీసులో చూడలేదు. అందుకని లోపల కొంప మునుగుతున్నా గడిలో గ్రీనే పెట్టేవాళ్ళు. అలాంటి రిపోర్టుని మేం పుచ్చకాయ అనేవాళ్ళం. పైన పచ్చగా, కోస్తే ఎర్రగా. నా చేతుల మీదుగా పంపినన్ని పుచ్చకాయలు కూకట్‌పల్లి రైతుబజారులో కూడా దొరకవు.

ఆ ఏడు వేసవిలో మా ఆఫీసులో చాలామందిని ఇంటికి పంపేశారు. ప్రాజెక్టులు తగ్గాయన్నారు. దానికీ ఒక షీటు తయారైంది. ఈసారి గడుల పక్కన ప్రాజెక్టుల పేర్లు కాదు, మనుషుల పేర్లు. ఆ షీటు సంగతి కాస్త ఆగి చెబుతాను. చెప్పక తప్పదు కూడా.

వానాకాలం వచ్చేసరికి, ఖాళీ బల్లలు కనపడకుండా మిగిలినవాళ్ళని దగ్గరదగ్గరగా జరిపి కూర్చోబెట్టారు. అందరూ నవ్వుతూనే ఉండేవాళ్ళు గానీ ఎవరి నవ్వూ నిలబడేది కాదు. కొత్తగా వచ్చిన సెంటర్ హెడ్‌కి కళలంటే ఇష్టం. వాతావరణం కాస్త తేలికపడుతుంది, లాబీలో ఏదైనా కళాఖండం పెట్టిద్దాం అన్నాడు. బాచుపల్లిలో ఒక స్కూల్లో డ్రాయింగ్ నేర్పే చిత్రకారిణిని ఎవరో పరిచయం చేశారు. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, భుజాన గుడ్డసంచీ. ఆఫీసంతా తిరిగి చూసి, బేస్‌మెంటు స్టోర్‌లో గుట్టగా పడున్న పాత తిరిగే కుర్చీల దగ్గర ఆగిందట. "ఇవి నాకిస్తరా?" అని అడిగిందట. ఎలాగూ పారేసేవే కదా అని ఇచ్చేశారు. వాటితో ఏం చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు.

సోమవారం పొద్దున మేం లోపల అడుగుపెట్టేసరికి ఆ కుర్చీలన్నీ మా నెత్తిమీద ఉన్నాయి. మా లాబీ మధ్యలో అయిదంతస్తుల ఎత్తు ఖాళీ ఉండేది. పైకప్పు నుంచి సన్నటి తీగలతో, తలకిందులుగా వేలాడదీసింది. ఒక్కో కుర్చీ నుంచి ఒక్కో ఐడీ ట్యాగు, కార్డు లేకుండా, కిందికి జారి ఉంది. ఏసీ గాలికి అవి మెల్లగా తిరుగుతున్నాయి. ఇది మాత్రం నాకు చీటీ చదవకుండానే అర్థమైంది. అర్థమైనందుకే తల వంచుకుని లిఫ్ట్‌లోకి వెళ్ళిపోయాను.

ఇక చూడండి గొడవ! క్యాంటీన్‌లో పళ్ళేలు ముందు పెట్టుకుని తినడం మర్చిపోయి వాదించుకున్నారు.

"ఏందిది, ఉరి తీసినట్టు? ఇది ఆఫీసా, ఇంకేమన్ననా?"

"పోయినోళ్ళని యాద్ చేస్తే తప్పేంది? మనం చెయ్యలే, ఆమె చేసింది."

"గుర్తు చెయ్యడం కాదండి ఇది, ఉన్నవాళ్ళని బెదిరించడం. రోజూ దీనికింద నుంచి నడిచి రావాలా నేను?"

ఒక టీమ్ మొత్తం వాటికింద నడవలేమని పార్కింగ్ వైపు గేటు నుంచి రావడం మొదలుపెట్టింది. ఒకావిడ వాటర్ ఫిల్టర్ దగ్గర నిలబడి ఏడ్చింది. "తీసేయించండి" అని కొందరు, "తీస్తే ఊరుకోం" అని కొందరు సెంటర్ హెడ్‌కి మెయిళ్ళు పెట్టారు. నిజం చెప్పాలంటే, నేనూ తీసేస్తే బాగుండుననే అనుకున్నాను. మెయిలు మాత్రం పెట్టలేదు.

సెంటర్ హెడ్ కంగారుపడి ఆ సాయంత్రమే చిత్రకారిణిని పిలిచాడు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. ఆమె ఏం కంగారుపడలేదు. "మెయిల్‌లల్ల వాళ్ళు రాసేది వేరు, లోపల అనిపించేది వేరు సార్. మాటలు వద్దు. గోడకి తెల్లకాగితం అంటించుండ్రి. పక్కకు రంగురంగుల చుక్కలు పెట్టుండ్రి, ఎన్ని రంగులు దొరికితే అన్ని. కుర్చీలు చూసినంక ఎవరికి ఏ రంగు అనిపిస్తే ఆ రంగు అంటిస్తరు. పేర్లు రాయొద్దు. ఏ రంగుకి ఏం అర్థమో మాత్రం మీరు చెప్పొద్దు" అంది. శుక్రవారం దాకా చూసి, ఉంచాలో తీయాలో తేల్చుదామన్నారు. రంగులు, గడులు అంటే నాకు అలవాటు కాబట్టి ఏర్పాటు నాకు అప్పగించారు.

ఇక్కడే నా తెలివి వికసించింది. స్టేషనరీ అల్మారా తెరిస్తే మూడు రంగుల గుండ్రటి స్టిక్కర్లు పెట్టెల కొద్దీ ఉన్నాయి. ఏ మూడు రంగులో వేరే చెప్పాలా? మా స్టేటస్ బోర్డులకి వాడేవి. ఉన్నవి ఉండగా కొత్తవి కొనడం ఎందుకనుకున్నాను. పైగా, అర్థం రాయకపోతే శుక్రవారం నేను ఏమని లెక్క చెప్పాలి? కాగితం పైన పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పెట్టించాను: గ్రీన్, బాగుంది. యెల్లో, ఫరవాలేదు. రెడ్, అభ్యంతరం ఉంది. మంగళ, బుధవారాలు స్కూల్లో పరీక్షలని చిత్రకారిణి రాలేదు. వచ్చి ఉంటే ఆ కాగితం అక్కడే చింపేసేది.

మంగళవారం సాయంత్రానికి గోడ నిండిపోయింది. ఎలా నిండిందనుకున్నారు? అంతా గ్రీనే! అక్కడక్కడ భయంభయంగా నాలుగు యెల్లోలు. రెడ్ పెట్టె సీలు కూడా విప్పలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో "దీన్ని పీకి పారెయ్యాలి" అని బల్ల గుద్దినవాడు కూడా వరుసలో నిలబడి, తన ముందున్న మేనేజర్ గ్రీన్ అంటించడం చూసి, తనూ బుద్ధిగా గ్రీన్ అంటించి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. పైన కెమెరా ఉందాయె. వాళ్ళని అనడానికి లేదు. రెడ్ అంటే ఏమిటో ఏళ్ళ తరబడి నేర్పింది మేమే.

నేనేం అంటించానని అడుగుతారేమో. గ్రీనే.

సెంటర్ హెడ్ సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే ఫోటో తీసి అందరికీ మెయిలు కొట్టాడు, "మనవాళ్ళకి ఎంత నచ్చిందో చూడండి" అని. నేను ఇంటికి వెళుతూ జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఆ మెయిలు చూసుకుని, ఇంకో పుచ్చకాయ పంపావురా అనుకున్నాను.

బుధవారం పొద్దున ఆ గ్రీన్ చుక్కల మధ్యలో, నా ఛాతీ ఎత్తులో, ఒక బొట్టుబిళ్ళ కనిపించింది. ముదురు మెరూన్ రంగు, వేలిగోరంత. ఎవరిదో నుదుటి నుంచి జారి అంటుకుందేమోనని గీరబోయాను. తర్వాత ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మధ్యాహ్నానికి దాని పక్కన నల్లది ఒకటి వచ్చింది. సాయంత్రానికి ఇంకో అయిదారు. మీకు తెలిసిందే కదా, ఆడవాళ్ళు మొహం కడుక్కునేటప్పుడు బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటిస్తారు. మా ఆఫీసు వాష్‌రూమ్‌ల అద్దాల మీద బొట్టుబిళ్ళలు గీరలేక చస్తున్నామని హౌస్‌కీపింగ్ వాళ్ళు నాకు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో! ఇప్పుడవి అద్దాలు వదిలి నా గోడ మీదికి వచ్చాయి. గురువారం పొద్దున చూస్తే గ్రీన్‌ల మీదే అంటించేశారు. మెరూన్, నలుపు, ముదురు నీలం, ఊదా, ఒకటి బూడిద రంగు. మగవాళ్ళకి బొట్టుబిళ్ళలు ఎక్కడివి? ఒకాయన కాఫీలో వేలు ముంచి గోధుమరంగు మరక పెట్టి వెళ్ళాడు.

ఆ పొద్దునే చిత్రకారిణి వచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడింది. నేను పక్కకెళ్ళి నిలబడితే, పైన నేను ప్రింటు తీసి పెట్టించిన కాగితం చూపించి, "సార్, రంగులకి మీరెందుకు అర్థం రాసిండ్రు? వద్దన్న కదా" అంది.

"అర్థం లేకపోతే లెక్క ఎలా తేలుతుందమ్మా?"

"లెక్క ఎవరడిగిండ్రు సార్ మిమ్మల్ని?"

ఆమె కోపంగా అనలేదు. ఆ మెరూన్ బిళ్ళ దగ్గరికి వంగి చూసి, "ఎవరో మంచి పని చేసిండ్రు, మీరు రాసినదాన్ని పట్టించుకోలే" అని వెళ్ళిపోయింది.

ఆ ఎవరో ఎవరనేదే అసలు గొడవైంది.

గురువారం మధ్యాహ్నం హెచ్ఆర్ హెడ్ నన్ను తన గదిలోకి పిలిచింది. మా కోనసీమ వైపు అమ్మాయే, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఎప్పుడూ గబగబా మాట్లాడేది. "సార్, ఇది చాలా దూరం వెళుతోందండి. నుదుటి బొట్టు తీసి గోడకి పెట్టడమంటే ఏంటండి? చావు జరిగినట్టు! మెయిలు పంపాక సెంటర్ హెడ్ గారికి తలవంపులు కదా? మొదలుపెట్టింది ఎవరో కెమెరాలో చూసి చెప్పండి. మీ టెస్టింగ్‌లో ఒక కాంట్రాక్ట్ అమ్మాయి అని వింటున్నాను. ఆవిడ రెన్యువల్ ఈ శుక్రవారమే ఉంది. మీ రెన్యువల్ షీటులో ఆవిడకి గ్రీన్ రాకపోతే అక్కడితో అయిపోతుంది, మనం ఎవరినీ ఏమీ అననక్కర్లేదు" అంది.

అర్థమైంది కదా? పేరు నేను చెప్పాలి, రంగు కూడా నేనే పెట్టాలి. ఆ అమ్మాయి ఉద్యోగం ఆ రెండింటి మీద ఉంది.

సెక్యూరిటీ గదికి వెళ్ళి బుధవారం ఫుటేజీ పెట్టించాను. అక్కడి గార్డు కుర్చీ జరిపి, "కూసోండి సార్, జర టైం పడతది" అన్నాడు. పొద్దున్నే, ఇంకా ఎవరూ రానప్పుడు, ఒకమ్మాయి లోపలికి వచ్చింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళలేదు. తల పైకెత్తి కుర్చీల కింద అటూ ఇటూ తిరిగింది, ఏదో వెతుకుతున్నట్టు. ఒకచోట ఆగిపోయింది. తర్వాత గోడ దగ్గరికి వచ్చి, నుదుటి మీద బొట్టుబిళ్ళ తీసి, అంటించి, వేలితో నొక్కింది. నా డిపార్ట్‌మెంటే. హఫీజ్‌పేట్ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి, అందరికంటే ముందొచ్చి అందరికంటే తక్కువ మాట్లాడేది. ఆరు నెలలకోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగం.

అక్కడితో ఆపెయ్యచ్చు. కానీ మిగతా బిళ్ళలు ఎవరివో చూడాలనిపించి రెండు రోజుల ఫుటేజీ మొత్తం తిప్పించాను. చూడటం మంచిదైంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

సాయంత్రం ఆ అమ్మాయిని మీటింగ్ రూములోకి పిలిచాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనే పెట్టిన సార్" అంది, నేను అడగకముందే.

"ఎందుకమ్మా? మూడు రంగులు పెట్టాం కదా అక్కడ?"

"మీరు పెట్టిన మూడిట్ల నా రంగు లేదు సార్. గ్రీన్ అసల్కే కాదు. రెడ్ కూడ కాదు, నాకు కోపం రాలే. ఇగ ఏం చెయ్యాలె?"

"బొట్టు తీసి గోడకి పెట్టడం అశుభం కదమ్మా?"

"అశుభమే సార్. నాకు అట్లనే అనిపించింది మరి."

ఆ అమ్మాయి తనంతట తనే చెప్పింది. పైన వేలాడే కుర్చీల్లో ఒకటి తన దోస్తుదట. నాలుగేళ్ళు పక్కపక్కనే కూర్చున్నారట. "మొఖం కడుక్కుని వచ్చి కొత్త బొట్టు పెట్టుకునేటప్పుడు పాతది కుర్చీ వీపు పై అంచుకు అంటించేది సార్. నేను నవ్వేదాన్ని. మంగళారం మొత్తం మెడ నొప్పి పుట్టేదాక చూసిన, దొరకలే. బుధారం పొద్దుగాల దొరికింది. తలకిందులు ఉంది కదా, ఆ అంచు బిళ్ళలన్ని కిందికెల్లి కనిపిస్తున్నయ్, లైను లైను." అంది. "వేసవిల పంపించిండ్రు సార్ ఆమెను. ఆరోజు బ్యాగు సర్దుకుంటుంటే నేను స్క్రీన్ దిక్కే చూసిన. ఒక్క మాట గూడ మాట్లాడలే. నన్ను గూడ చూస్తరేమోనని భయం."

దోస్తు పేరు చెప్పింది. ఆ పేరు నాకు తెలుసు. మనిషి తెలీదు, పేరే తెలుసు.

ఇప్పుడా షీటు సంగతి. వేసవిలో హెచ్ఆర్ నుంచి నాకొక జాబితా వచ్చింది, నా డిపార్ట్‌మెంటు వాళ్ళందరి పేర్లతో. పక్కన గడిలో రంగు పెట్టి లంచ్ లోపల పంపమన్నారు. బాగా పనిచేస్తారని నాకు తెలిసినవాళ్ళకి గ్రీన్ పెట్టాను. నాతో గొడవపడిన ఇద్దరికి రెడ్ పెట్టాను, పెట్టానని సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఇక మిగిలినవాళ్ళ పేర్లు చదివితే మొహాలు గుర్తుకు రాలేదు. ఎవర్నైనా అడగచ్చు. అడిగితే, నీ కింద పనిచేసేవాళ్ళు నీకే తెలీదా అంటారని అడగలేదు. వాళ్ళందరికీ యెల్లో పెట్టాను. మధ్యలో ఉంటే ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. గ్రీన్ ఉన్నవాళ్ళని మాత్రమే ఉంచారు. ఈ అమ్మాయి దోస్తు యెల్లోల్లో ఉంది.

"రెన్యువల్ కాదా సార్ నాది?" అని అడిగింది ఆ అమ్మాయి. మొహంలో బతిమాలడం లేదు. "కాకపోతే ఇప్పుడే చెప్పుండ్రి. బిడ్డ ఫీజు, ఇంటి కిరాయి, అన్ని చూసుకోవాలె."

"రేపు చెబుతానమ్మా" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జీవితంలో అనలేదు.

శుక్రవారం పొద్దున మీటింగు. సెంటర్ హెడ్, హెచ్ఆర్ హెడ్, నేను. నా ల్యాప్‌టాప్‌లో రెన్యువల్ షీటు తెరిచి ఉంది. ఆ అమ్మాయి పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. ఇంత సర్వీసు చేసి, రిటైర్మెంటుకి నెలలు లెక్కపెట్టుకుంటూ, ఒక గడి ముందు ఆగిపోయానేమిటని నా మీద నాకే చిరాకొచ్చింది.

"చూశారా సార్ ఫుటేజీ? ఎవరండి మొదలుపెట్టింది?" అంది హెచ్ఆర్ హెడ్.

"చూశానమ్మా. మొదట్నుంచి చివరిదాకా చూశాను. మొదటివాళ్ళ పేరు రాయమంటే రాస్తాను. రాస్తే మాత్రం చివరివాళ్ళ పేరు దాకా అన్నీ రాస్తాను, వరుసగా. కొందరికి రాసి కొందరికి మానడం బాగుండదు కదా" అన్నాను.

హెచ్ఆర్ హెడ్ మొహం తెల్లబోయింది. బుధవారం మధ్యాహ్నం, లాబీలో ఎవరూ లేనప్పుడు, ఆ మెరూన్ బిళ్ళ పక్కన నల్లది అంటించింది ఆవిడే. అంటించి, రెండు చేతులతో మొహం కప్పుకుని కాసేపు నిలబడింది. వేసవిలో ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి కాగితాల మీద సంతకాలు పెట్టించింది ఆవిడే మరి. ఆవిణ్ణి ఇరుకున పెట్టాలని అనలేదు గానీ, నేనన్నది బెదిరింపు కాదని కూడా అనను. కొంచెం బెదిరింపే. ఈ కథలో నేనేదో ధర్మరాజుని అనుకోకండి.

ఆవిడ ముందున్న డైరీ మూసేసింది. "వద్దు సార్. పేర్లు వద్దండి" అంది.

సెంటర్ హెడ్‌కి ఏమీ అంతుబట్టలేదు. "మరి గోడ సంగతి? వాళ్ళకి నచ్చిందా, నచ్చలేదా?" అన్నాడు.

"ఆ గ్రీన్‌లకి అర్థం లేదండి. అది నా తప్పు. మూడు రంగులిచ్చి, పైన అర్థం రాసి, కెమెరా కింద నిలబెట్టాను. వాళ్ళు నాకు స్టేటస్ రిపోర్టు ఇచ్చారు. మీరు దాన్నే మెయిలు చేశారు. కుర్చీలు చూసి వాళ్ళకి ఏమనిపించిందో ఆ బొట్టుబిళ్ళల్లో ఉంది. అది నచ్చడమూ కాదు, నచ్చకపోవడమూ కాదు. బాధపడుతున్నారండి. మనం ఇన్నాళ్ళూ వాళ్ళని బాధపడనివ్వలేదు" అన్నాను. అంత పొడుగు మాట ఆ గదిలో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి నెలాఖరు దాకా కుర్చీలు ఉండనిమ్మన్నాడు. నేను రాసిన కాగితం మాత్రం తీసేయమన్నాడు. సంతోషంగా తీసేశాను.

ఆ గదిలోనే, వాళ్ళిద్దరి ముందే, ఆ అమ్మాయి పేరు పక్కన గ్రీన్ పెట్టాను. గ్రీన్ ఊరికే పెట్టలేదు. గురువారం రాత్రి తిండి మానేసి ఆమె నాలుగేళ్ళ పని తిరగేశాను. ఎన్ని తప్పులు పట్టుకుందో, ఎంత ముందుగా పట్టుకుందో అన్నీ పక్కన రాశాను. హెచ్ఆర్ హెడ్ చదివి, తల ఊపి, ఓకే చేసింది.

కిందికి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పాను. "ఆరు నెలలేనమ్మా, అంతకంటే నా చేతిలో లేదు."

"చాలు సార్" అంది. కళ్ళు తుడుచుకుంది. అక్కడితో నేను వచ్చేస్తే బాగుండేది, గొప్పవాడినై వచ్చేవాడిని. రాలేదు. ఆమె దోస్తు పేరు పక్కన యెల్లో పెట్టింది నేనేనని చెప్పాను. ఎందుకు పెట్టానో కూడా చెప్పాను.

ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. అప్పుడే ఉద్యోగం నిలబెట్టిన మనిషిని తిట్టలేదు, క్షమించనూ లేదు. "నాకెందుకు చెప్తున్నరు సార్?" అంది. "ఆమె నంబర్ ఇస్త. ఆమెకు చెప్పుండ్రి."

నంబరు తీసుకుని మెట్లవైపు వెళ్ళాను. లిఫ్టులున్న ఆఫీసుల్లో మెట్లమీదికి ఎవరూ రారు. మూడో అంతస్తు మలుపులో నిలబడి ఫోను చేశాను. రెండు రింగులకే ఎత్తింది. పేరు చెప్పగానే, "సార్! మీరా అండి? బాగున్నారా అండి?" అంది, ఎంతో సంతోషంగా. గొంతు విన్నా నాకు మొహం గుర్తుకు రాలేదు.

"ఒక సంగతి చెప్పాలమ్మా. వేసవిలో ఒక షీటు..."

"తెలుసండి ఆ షీటు సంగతి. ఎవరో చెప్పారు నాకు. నా పేరు పక్కన రెడ్ పెట్టమని పైనుంచి అడిగితే మీరు ఒప్పుకోలేదట కదా, గట్టిగా మాట్లాడి యెల్లో దగ్గర ఆపారట కదా? మా ఇంట్లో అందరికీ చెప్పానండి, మా సార్ నా కోసం నిలబడ్డారని. మా అత్తగారైతే ఇప్పటికీ మిమ్మల్ని తలుచుకుంటుంది."

నిజం చెబుతున్నాను, అక్కడ ఆగిపోదామనిపించింది. ఆమె సంతోషంగా ఉంది, నేను మంచివాణ్ణి, ఎవరికీ నష్టం లేదు. సరిగ్గా ఆ మాటే వేసవిలో అనుకుని యెల్లో పెట్టాను.

"అలా జరగలేదమ్మా" అన్నాను. "నన్నెవరూ రెడ్ పెట్టమనలేదు. నేనెవరితోనూ మాట్లాడలేదు. నీ పేరు చదివితే మొహం గుర్తు రాలేదు. గుర్తు రానివాళ్ళందరికీ యెల్లో పెట్టాను."

అటువైపు ఎక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు, అది ఆగిపోయిన చప్పుడు వినిపించాయి. ఫోను పెట్టేసిందేమోనని చూసుకున్నాను. పెట్టెయ్యలేదు.

"నాలుగేళ్ళు పనిచేశానండి మీ కింద" అంది. ఇందాకటి గొంతు కాదది.

"అవునమ్మా."

"అయితే నేనేం చేసేదాన్నో మీకు తెలీదన్నమాట."

"తెలీదు."

"ఇప్పుడు టైముందాండి మీకు?"

"ఉంది."

"వినండి అయితే" అంది. చేరిన మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టారో, మొదటి వారం లాగిన్ కూడా రాకపోతే నోటుపుస్తకంలో ఎలా రాసుకుందో చెప్పింది. ఆ మొదటి ఏడాదిలోనే ఒక ఆసుపత్రికి మేం చేసిన అపాయింట్‌మెంట్ల యాప్‌లో ఒక తప్పు పట్టుకుందట. వయసు గడిలో రెండంకెలే పడుతున్నాయట. వందేళ్ళు నిండిన ముసలామెకి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటే దొరకదట. విడుదలకి ముందురోజు అది చూసి, ఆపమని రాసిందట.

ఆ తప్పు నాకు గుర్తుంది. ఆ సంగతి బాగా గుర్తుంది. దానికి క్లయింటు నుంచి మెచ్చుకుంటూ మెయిలు వచ్చింది. నా పేరు మీద వచ్చింది. ప్రింటు తీసి మా ఆవిడకి కూడా చూపించాను.

"అది పట్టింది నేనేనండి" అంది.

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"ఇది మొదటి ఏడాదండి" అంది. "ఇంకా మూడేళ్ళున్నాయి. వింటారా?"

"వింటానమ్మా" అన్నాను. "చెప్పు."